తెర మీద తెగిన వత్తులు

ఆ రోజు కంటి ఆసుపత్రిలో కృష్ణమ్మ కుర్చీలోంచి లేవలేదు. లేచి ఉంటే డాక్టరు కళ్లు చూసి పంపేవాడు, ఆమె మనవరాలు సుజన ఎప్పటిలాగే ఆఫీసుకు పోయి తన పని తాను చేసుకునేది, ఇక్కడ చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

కృష్ణమ్మకు డెబ్బై దాటాయి. ఎడమ కంటికి శుక్లం. కొడుకు బాబురావు పొద్దున్నే ఛత్రినాక నుంచి ఆటోలో తీసుకొచ్చి, పేరు రాయించి, హాల్లో ముందు వరసలో కూర్చోబెట్టి డ్యూటీకి వెళ్లిపోయాడు. "అగో, గా టీవీ లెక్కున్నదాంట్ల నీ పేరు వస్తది. వచ్చినంక లోపటికి పో. జరసేపటికి సుజన వచ్చి తోల్కపోతది" అని చెప్పాడు.

సుజన వచ్చేసరికి హాలు దాదాపు ఖాళీ. నానమ్మ మాత్రం చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, నడుం నిటారుగా పెట్టి, మూతి ముడుచుకుని కూర్చుని ఉంది.

"ఇంకా పిలువలేదా నానమ్మా?"

"ఎవ్వలు పిలుస్తరే? నా పేరే రాకపాయె. నా ఎనుక వచ్చినోళ్లంత పోయిండ్రు."

అటుగా పోతున్న నర్సు ఆగింది. "అయ్యో, ఎన్నిసార్లు వచ్చింది అవ్వా నీ పేరు! నువ్వే లేవలేదు" అంటూ కంప్యూటర్ దగ్గరికి పోయి ఏదో నొక్కింది. గోడ మీది తెరలో నీలం పట్టీ మీద తెల్లని అక్షరాలు వెలిగాయి.

"అగో, గదే" అంది నర్సు.

"గది నాది కాదు" అంది కృష్ణమ్మ.

సుజన తెర వంక చూసింది. పట్టీ అంచు దగ్గర ఎవరో బ్లేడుతో కోసినట్టు అక్షరాలు కిందికి రాకముందే తెగిపోయి ఉన్నాయి. 'ష' కింద ఉండాల్సిన 'ణ' లేదు. 'మ' కింద ఉండాల్సిన వత్తు లేదు. మిగిలింది 'కృషమ'.

"నా పేరుకు కింద రెండు కాళ్లుంటయి" అంది కృష్ణమ్మ, కుడి కన్ను ఇంకా బాగానే పనిచేస్తున్న ధీమాతో. "పంతులమ్మ నా చెయ్యి పట్టుకోని దిద్దిచ్చింది. ష కింద ఒకటి, మ కింద ఒకటి. గీ కృషమ ఎవ్వతో నాకేం ఎరుక?"

నర్సు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కృష్ణమ్మ చదువుకున్నది లేదు. నడివయసులో బస్తీ కమ్యూనిటీ హాల్లో పెట్టిన వయోజన విద్య క్లాసుకు కొన్నాళ్లు పోయి తన పేరు రాయడం నేర్చుకుంది. నేర్చుకున్నది ఒక్క మాటే కాబట్టి దాన్ని బంగారం లెక్క చూసుకునేది. వేలిముద్ర వేయమని ఎవరైనా సిరా డబ్బా జరిపితే ఆ డబ్బా వెనక్కి తోసేది. అలాంటి మనిషికి తెగిన పేరు చూపిస్తే లేస్తుందా?

డాక్టరు చూశాడు, ఎడమ కంటికి ఆపరేషన్ చేద్దామన్నాడు, తేదీ ఇచ్చాడు. ఆటోలో నానమ్మ కోపం సగం దిగేసరికే నిద్రపోయింది. సుజన మాత్రం దారంతా ఆ నీలం పట్టీ గురించే ఆలోచించింది. దాని వంపు, దాని నీడ, దాని రంగు, అన్నీ ఆమెకు బాగా తెలుసు. అదే సరుకుతో తను రోజూ పని చేస్తుంది.

సుజన పనిచేసేది మొఘల్‌పురాలో. సన్నటి గల్లీలో పాత ఇంటి పై అంతస్తు, చెక్క మెట్లు, ఆకుపచ్చ కిటికీలు. మెట్ల దగ్గర 'దర్వాజా' అని ఒక చిన్న బోర్డు. బళ్లకు, ఆసుపత్రులకు, లైబ్రరీలకు వెబ్‌సైట్లు చేసే కంపెనీ అది. పది మంది కూడా ఉండరు. అక్కడి పద్ధతి ఏమిటంటే, రాసిన కోడ్‌కు తాళం వేయరు. ఎవరైనా చూడొచ్చు, తీసుకుపోయి వాడుకోవచ్చు, మెరుగైన దారి తోస్తే దిద్ది పంపొచ్చు. దాన్ని నడిపే మైథిలి పెద్ద కంపెనీలో మంచి ఉద్యోగం వదిలేసి ఇది పెట్టింది. కోస్తా నుంచి ఉద్యోగరీత్యా వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం ఆమెది. ఊళ్లో గాజు భవనాలుండే వైపు కాకుండా ఈ గల్లీకి ఎందుకొచ్చారని ఎవరైనా అడిగితే, "ఇక్కడ కిటికీ తీస్తే మనుషులు కనిపిస్తారండీ" అనేది.

సుజన ఆ మెట్లెక్కడానికి కారణం చిన్నప్పటి ఒక అలవాటు. స్కూల్లో ఉన్నప్పుడు ఛత్రినాక ఇంటర్‌నెట్ సెంటర్‌లో హాల్‌టికెట్ తీసుకోవడానికి పోయి, ఏదో నొక్కబోయి ఏదో నొక్కింది. తెర మీది పేజీ పోయి దాని వెనకాల ఉన్న రాత అంతా బయటపడింది. కంప్యూటర్ చెడగొట్టాననుకుని ఆమెకు చెమటలు పట్టాయి. సెంటర్ నడిపే జగదీశ్వర్ వచ్చి చూసి, "ఏం ఫికర్ చెయ్యకు బేటా, ఏం ఖరాబ్ కాలే. ఏ పేజీకైనా ఎనుక గిట్లనే ఉంటది. ఎవ్వలన్న సూడొచ్చు" అన్నాడు. ఆ మాట ఆమెకు నచ్చింది. చొక్కా తిప్పి లోపలి కుట్టు చూసినట్టు అప్పట్నుంచి కనిపించిన ప్రతి పేజీ వెనక్కి తిప్పి చూడటం మొదలుపెట్టింది. రంగు ఎక్కడ రాశారు, బటన్ ఎక్కడ పెట్టారు, ఇది తీసేస్తే ఏమవుతుంది. డిగ్రీలో నేర్పింది తక్కువ, ఆ తిప్పి చూడటంలో నేర్చుకుంది ఎక్కువ.

ఆ ఇంట్లో ఇది కొత్త సంగతి. ఎందుకంటే బాబురావు పని దీనికి పూర్తిగా ఎదురు. కంచన్‌బాగ్‌లో ఉన్న లోహాల ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర ఆయన డ్యూటీ. గేటు దగ్గర ఫోన్ ఇచ్చేసి లోపలికి పోవాలి. లోపల ఏం చేస్తారో బయట చెప్పకూడదు. సుజన చిన్నప్పుడు "బాపూ, ఫ్యాక్టరీల నువ్వేం జేస్తవ్?" అని అడిగితే "లోహం" అనేవాడు. "గది దేనికి?" అంటే "అన్నం తిను" అనేవాడు. బళ్లో టీచరు నాన్నగారి పని గురించి రాయమంటే పిల్లలంతా పేజీలు నింపారు గానీ సుజన ఒక్క వాక్యం రాసి పెన్ను మూసేసింది. అంత పని చేసే మనిషికి పని గురించి మాట్లాడే భాగ్యం లేకపోయింది. అందుకేనేమో బాబురావు ఏ విషయంలోనూ పెద్దగా మాట్లాడడు. బిడ్డ ఉద్యోగంలో చేరిన రోజు కూడా ఒకటే అడిగాడు. "అంత బాజాప్తా అందరికి సూపెడితే కంపెనీ ఎట్ల నడుస్తదే?"

"అమర్చి పెట్టినందుకు పైసలిస్తరు బాపూ. దాచిపెట్టినందుకు కాదు."

ఆయన తల ఊపాడు. నమ్మినట్టు మాత్రం కనిపించలేదు.

ఆసుపత్రి సంగతి మర్నాడు సుజన ఆఫీసులో చెప్పింది. నానమ్మ గొంతుతో, మూతి విరుపుతో సహా చెప్పింది. అందరూ పగలబడి నవ్వారు. నవ్వాక మైథిలి, "మన సైట్లు కూడా ఒకసారి చూద్దాం" అంది.

చూస్తే వాళ్లు చేసినవీ అలాగే ఉన్నాయి. వెబ్‌సైట్ కట్టేవాళ్లు ప్రతి బటన్‌నూ ప్రతి పట్టీనీ కొత్తగా చేసుకోరు. మేస్త్రీ ఇటుకలు తెచ్చుకున్నట్టు, తయారుగా ఉన్నవి తెచ్చి పేర్చుకుంటారు. అలాంటి ఇటుకల కట్ట ఒకటి ఉంది. కిట్ అంటారు. అది కూడా తాళం లేనిదే, ప్రపంచమంతా వాడేదే. ఇంగ్లిష్ అక్షరాలను మనసులో పెట్టుకుని చేసిన కిట్ కావడంతో, పట్టీ ఎత్తు బిగించేసి, దాని అంచు దాటింది ఏదైనా కోసేయమని లోపల రాసి ఉంది. తెలుగు వత్తులు ఉండేదే ఆ అంచు కింద.

సుజన పక్క సీటులో కూర్చునే లక్ష్మీకాంత్ ఒక్కో బటన్ పైకి చదవడం మొదలుపెట్టాడు. "బిలు చెలించండి. అబ్బ, బిలు కట్టమంటే చలించమంటున్నాడండీ! ఇదిగో, ఇక్కడ నా పేరు లక్షీకాంత్ అయింది. మా అమ్మ చూస్తే ఊరుకోదు."

ఆ రోజంతా ఆఫీసులో ఎవరూ వత్తులు పలకలేదు. "అనా, అనం తినావా?" అని ఒకరు, "పపు ఉంది, కొబరి పచడి ఉంది" అని ఇంకొకరు. ఆ అల్లరికి కింది వాటాలో ఉండే ఇంటి యజమానురాలు మెట్ల దగ్గరికి వచ్చి, "క్యా బేటా, ఆజ్ కైకు ఇత్తా హల్లా?" అంటూ ఇవాళ ఇంత గోల ఎందుకని అడిగింది. అందరూ ఆమెను ఖాలా, అంటే పిన్ని, అనే పిలుస్తారు. పెద్దావిడ పేరు కోసేశారని సుజన చెప్పింది విని ఖాలా ఆశ్చర్యపోయి, "నామ్ కో కాట్ దియే? బడీ బీ కా నామ్?" అని గుండె మీద చెయ్యి వేసుకుంది.

సాయంత్రానికి మైథిలి నవ్వు ఆపి అసలు మాట చెప్పింది. "ఇన్నాళ్లూ మనం ఏ సైట్లో కనిపిస్తే ఆ సైట్లో సర్దుకున్నాం. కారేచోట గిన్నె పెట్టుకున్నట్టు. అలా కాదు, కప్పెక్కి పెంకు సరిచేద్దాం. సుజనా, నువ్వే రాయి వాళ్లకు."

"నేనా అక్కా? వాళ్లతోని నా ఇంగ్లిష్..."

"ఆసుపత్రిలో చూసింది నువ్వు. చూసినవాళ్లు చెప్తేనే బాగుంటుంది."

కిట్ బాగోగులు చూసేవాళ్లు దేశదేశాల్లో ఉంటారు. వాళ్ల చర్చలన్నీ అందరికీ కనిపించేలా ఒకే చోట జరుగుతాయి. అక్కడ సుజన రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. చివరికి నాలుగు ముక్కలు పెట్టి పంపింది. నార్వే నుంచి ఎరిక్ అనే ఆయన జవాబిచ్చాడు. మర్యాదగానే ఇచ్చాడు. ఎత్తు బిగించింది కావాలనే, వదిలేస్తే పాత పేజీలన్నీ కదిలిపోతాయి, అయినా ఈ ఇబ్బంది అంత తరచుగా వస్తుందా, అని.

తరచుగానా! సుజనకు చిర్రెత్తుకొచ్చింది. ఆ సాయంత్రం ఇంటికి పోయి నానమ్మ ముందు తెల్లకాగితం, నల్ల స్కెచ్‌పెన్ను పెట్టింది. "నానమ్మా, నీ పేరు రాయి. మంచిగ పెద్దగ."

"ఎందుకే? ఎవరికి సంతకం?"

"ఫారిన్ల ఒకాయనకు సూపియ్యాలె."

కృష్ణమ్మ కళ్లద్దాలు సవరించుకుని, నాలుక కొస పళ్ల మధ్య పట్టుకుని రాసింది. వంకర్లున్నాయి గానీ వత్తులు మాత్రం తాడిచెట్టంత ధైర్యంగా దిగాయి. సుజన ఆ కాగితం ఫొటో, ఆ రోజు ఫోన్‌లో తీసుకున్న ఆసుపత్రి తెర ఫొటో పక్కపక్కన పెట్టి, కింద ఒకే మాట రాసింది. 'ఎడమ వైపున్నది మా నానమ్మ పేరు. కుడి వైపున్న ఆమె ఎవరో మా నానమ్మకు తెలియదట.'

మర్నాడు పొద్దున చూస్తే ఆ ఫొటోల కింద జాతర. కంబోడియా నుంచి సొథియా అనే అమ్మాయి, 'మా లిపిలో అక్షరం కింద అక్షరం, దాని కింద మరొకటి ఉంటుంది, మాకు రెండంతస్తులూ పోతున్నాయి' అని తన పేరు తెగిన ఫొటో పెట్టింది. బెంగళూరు నుంచి ఒకాయన కన్నడ పేరు పెట్టాడు. బర్మా పేరొకటి, బెంగాలీ పేరొకటి వచ్చాయి. ఒకరు వాళ్ల నాన్న పేరు, ఒకరు బిడ్డ పేరు, అన్నీ కాళ్లు తెగినవే. ఇన్నాళ్లూ ఎవరికి వారు తమ ఇంట్లోనే గిన్నె పెట్టుకున్నారన్నమాట. ఎరిక్ కూడా దిగొచ్చి, 'నాకు ఇది తెలియదు. దిద్దే పని మీరు మొదలుపెడతారా?' అని రాశాడు.

మొదలుపెట్టింది. మొదటి ప్రయత్నం బోల్తా కొట్టింది. వత్తులు పట్టాలని ఎత్తు పెంచితే ఇంగ్లిష్ బటన్లన్నీ నూనెలో వేసిన పూరీల్లా ఉబ్బిపోయాయి. వరసలు చెదిరాయి. చర్చలో గొడవ మొదలైంది. ఒకడైతే, 'ఏవో కొన్ని భాషల కోసం నడుస్తున్న బండిని ఎందుకు ఆపుతారు?' అని ముఖం మీద కొట్టినట్టు రాశాడు. అది చదివిన రోజు సుజనకు అన్నం సయించలేదు. అందరి ముందూ తప్పు చేసిందాయె, అందరూ చూస్తున్నారాయె.

బాబురావు కంచంలో చెయ్యి ఆపి చూశాడు. "ఏమైంది బిడ్డా?"

ఆమె ఫోన్ చేతిలో పెట్టబోయింది. ఆయన చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "గిది మీ ఆఫీసుదా? నేను సూడొచ్చునా?"

"ఎవ్వలైన సూడొచ్చు బాపూ. గది అందరిది."

బాబురావు చెయ్యి కడుక్కుని, తువ్వాలకు తుడుచుకుని, అప్పుడు ఫోన్ తీసుకున్నాడు. ఫ్యాక్టరీ కాగితాలు చదివి చదివి ఇంగ్లిష్ కాస్త అర్థమవుతుంది ఆయనకు. మొదటినుంచి చదువుకుంటూ పోయాడు. తల్లి సంతకం కనిపించినచోట ఆగి వేలితో పెద్దది చేసి చూశాడు. కంబోడియా అమ్మాయి మాట చదివి "పాపం" అన్నాడు. ఆ దురుసు మాట దగ్గరికి వచ్చేసరికి కనుబొమలు ముడిపడ్డాయి. "వీడెవడే? గిట్ల మాట్లాడుతడా ఆడపిల్లతోని?"

"పోనీ బాపూ. ఆయన జెప్పిన దాంట్ల కూడ కొంచెం నిజమున్నది. నేను చేసింది సక్కగ లేదు."

"సక్కగ లేకుంటే మళ్ల జెయ్యి. గంతే గదా. ఇగ జూడు, కంబోడియా పిల్ల నీ దిక్కే ఉన్నది. కింద బెంగళూరాయన గూడ ఉన్నడు." ఫోన్ తిరిగి ఇస్తూ, "రేపు మళ్ల ఎప్పుడు రాస్తరు వీళ్లు?" అని అడిగాడు.

ఆనాటి నుంచి బాబురావుకు అదొక వ్యసనమైపోయింది. తెల్లారి టీ గ్లాసు పట్టుకుని చర్చ తెరిచి కూర్చునేవాడు. సుజన పళ్లు తోముకుంటుంటే బయటినుంచి వార్తలు చదివేవాడు. "నీ నార్వే ఆయన ఏదో అడిగిండు. జల్ది జవాబియ్యి." "గా దురుసోడు ఇయ్యాల సప్పుడు జేస్తలేడు." టీవీలో సీరియల్ చూసే కృష్ణమ్మ కూడా సీరియల్ ఆపించి, "నా పేరు సంగతి ఏమాయెరా?" అని అడిగేది.

రెండో ప్రయత్నం సుజన ఒక్కతే చేయలేదు. మధ్యాహ్నాలు సొథియాతో వీడియోలో కూర్చునేది. ఇద్దరి ఇంగ్లిషూ అంతంత మాత్రమే. మాట దొరకనిచోట కాగితం మీద బొమ్మ గీసి కెమెరాకు చూపించుకునేవాళ్లు. సొథియా వాళ్ల అక్షరం గీసేది, సుజన మన 'స్త్రీ' గీసేది. ఆ ఒక్క అక్షరానికి కింద అంత సంసారం ఉందని చూసి సొథియా చప్పట్లు కొట్టింది. అలా గీసుకుంటూ గీసుకుంటూ ఉండగా దారి దొరికింది. ఎత్తు ముందే బిగించడం దేనికి? లోపలికి ఏ అక్షరాలు వచ్చాయో వాటినే అడిగి ఎత్తు తేల్చుకోమని పట్టీకి చెప్తే పోలా? ఇంగ్లిష్ వస్తే పాత ఎత్తే ఉంటుంది, ఒక్క పేజీ కదలదు. 'కృష్ణమ్మ' వస్తే కాళ్లకు చోటిస్తుంది.

చెప్పినంత సులువుగా కాలేదు. పాత ఫోన్లలో ఒకలా, కొత్త ఫోన్లలో ఒకలా కనిపించింది. లక్ష్మీకాంత్ దొరికిన ప్రతి ఫోన్ తెచ్చి టేబుల్ మీద పేర్చాడు. ఖాలా ఫోన్ కూడా అడిగి తెచ్చాడు. ఇంకో మంచి పని కూడా చేశాడతను. చర్చలో జనం పెట్టిన తెగిన పేర్లన్నీ ఏరి, ఒక పరీక్ష పేజీ తయారు చేశాడు. ఇకమీద కిట్‌లో ఎవరు ఏ మార్పు చేసినా, ముందు ఆ పేర్లు నిండుగా నిలబడ్డాయో లేదో యంత్రమే చూస్తుంది. ఒక్క వత్తు తెగినా ఆ మార్పును లోపలికి రానివ్వదు.

"మొదటి పేరు ఎవరిది పెట్టానో చూడండి" అన్నాడు.

కృష్ణమ్మది.

ఎరిక్ చాలాసేపు అటూ ఇటూ నొక్కి చూసి ఉంటాడు. రెండుచోట్ల సవరణలు అడిగాడు, సుజన చేసింది. ఒక మధ్యాహ్నం అన్నాలు తింటుండగా ఆమె ఫోన్ మోగింది. చూస్తే బాబురావు. డ్యూటీకి సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు. "బిడ్డా! కలిపిండ్రు! లోపలికి తీసుకున్నరు! మీరు సూడలేదా? ఆకుపచ్చగ టిక్కు వచ్చింది!" అని అరుస్తున్నాడు. అంత గట్టిగా ఆయన మాట్లాడటం సుజన ఎప్పుడూ వినలేదు. లేచి ఎడమ చేత్తో కంప్యూటర్ తెరిచింది. ఎరిక్ రాసింది రెండే వాక్యాలు. 'సుజనకు, సొథియాకు ధన్యవాదాలు. సుజన వాళ్ల నానమ్మగారికి నా నమస్కారాలు చెప్పగలరు.'

ఆఫీసంతా ఒక్కసారి లేచింది. మైథిలి సుజనను పట్టుకుని గిరగిరా తిప్పింది. సుజన కుడి చేతి పప్పన్నం మైథిలి కుర్తాకు అంటింది. వీడియోలో సొథియా వాళ్ల ఆఫీసువాళ్లను కూడా పిలిచి చూపించింది. అటూ కేకలే, ఇటూ కేకలే. ఖాలా పళ్లెం నిండా కీమా కూరిన వేడివేడి లుఖ్మీలు పంపింది. వెనకే తనూ మెట్లెక్కి వచ్చి, పేరు దక్కిందో లేదోనని, "నామ్ బచ్ గయా?" అని అడిగింది.

"బచ్ గయా ఖాలా" అంది సుజన, కళ్లు తుడుచుకుంటూ.

మైథిలి ఆ ఆసుపత్రి వాళ్లకు ఫోన్ చేసి విషయం చెప్తే, అక్కడ కంప్యూటర్లు చూసే నందు అనే కుర్రాడు కొత్త కిట్ తెచ్చి పెట్టాడు. కృష్ణమ్మ ఎడమ కంటి ఆపరేషన్ బాగా జరిగింది. తర్వాత మళ్లీ చూపించుకోవడానికి పోయినప్పుడు సుజన ముందే సెలవు పెట్టి వెంట వెళ్లింది. తెర మీద పేర్లు ఒకటొకటిగా వస్తున్నాయి. 'కృష్ణమ్మ' వచ్చింది. ష కింద ణ, మ కింద వత్తు. నీలం పట్టీ కొంచెం కిందికి సాగి వాటికి చోటిచ్చింది. సుజన గబుక్కున లేచింది. నానమ్మ వైపు తిరిగింది.

కృష్ణమ్మ పక్కనున్న ఆమెతో చింతకాయ తొక్కు గురించి మాట్లాడుతోంది. "పసుపు తక్కువ, మెంతులు జర ఎక్కువ" అంటోంది. తెర వైపు చూడనే లేదు.

"నానమ్మా! నీ పేరు!"

"ఉండవే, వస్త. మెంతులు ఏంచి..."

పేరు వెళ్లిపోయింది. నర్సు నవ్వుతూ మళ్లీ వేసింది. ఈసారి కృష్ణమ్మ తలెత్తి చూసింది. కొత్త కన్నుతో పైనుంచి కిందికి ఒకసారి నిదానంగా చూసి, "ఆఁ, గిది నేనే" అని, చేతిసంచి తీసుకుని లేచింది.

ఆ తర్వాత బాబురావు నోరు ఆపినవాళ్లు లేరు. డ్యూటీ దిగి బస్‌స్టాప్‌లో నిలబడితే చాలు, ఫోన్ తీసేవాడు. "ఇగో, గిది మా బిడ్డ జేసిన పని. దునియా మొత్తం వాడుతది. సూడుండ్రి, సూడుండ్రి, గిది దాసేది కాదు." తోటివాళ్లు మొదట ఆశ్చర్యపోయారు. ఏళ్ల తరబడి పక్కపక్కన పనిచేసినా ఈ మనిషి గొంతు ఇలా ఉంటుందని వాళ్లకు తెలియదు. కథలో ఉప్పూకారం కూడా రోజురోజుకూ పెరిగింది. నార్వే ఆయన స్వయంగా ఫోన్ చేశాడని ఒకసారి, కంబోడియా పిల్ల వీళ్లింటికి రాబోతోందని ఒకసారి. సుజన విని "బాపూ, గట్ల ఏం లేదు గదా!" అంటే, "రమ్మంటే వస్తది గదా, పిలువు మరి" అనేవాడు. సుజన పిలిచింది. వచ్చే ఏడు వస్తానని సొథియా రాసింది. ఆ జవాబు బాబురావే ముందు చదివాడు.

ఆషాఢం వచ్చింది. పాతబస్తీ బోనాల ఆదివారం నాడు బాబురావు దర్వాజా వాళ్లందరినీ ఇంటికి పిలిచాడు. ఖాలా మనవరాలిని పంపింది. మైథిలి పట్టుచీర కట్టుకుని వచ్చి, గల్లీలో జనాన్ని చూసి చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక తికమకపడింది. సుజన తల్లి నెత్తిన బోనం ఎత్తుకుంటే పక్కన వేపకొమ్మ పట్టుకుని నడవమని కృష్ణమ్మ మైథిలిని ముందుకు తోసింది. డప్పులు మొదలయ్యాయి. లక్ష్మీకాంత్ ఒక పక్కగా నిలబడి, "నాకు రాదండీ, నేను చూస్తాను" అంటున్నాడు. డప్పు కొట్టేవాళ్లు దగ్గరికి వచ్చేసరికి ముందు అతని భుజాలు కదిలాయి, తర్వాత కాళ్లు కదిలాయి, ఆ తర్వాత ఎవరూ అతన్ని ఆపలేకపోయారు. మోచేతులు ఒకవైపు, మోకాళ్లు ఒకవైపు, కళ్లద్దాలు జారి ముక్కు కొసకు వచ్చాయి.

"అన్నా, గట్ల కాదు! ఎడమ కాలు ముందట!" అని సుజన అరిచింది. వినిపించుకోలేదు. ఇక లాభం లేదని చున్నీ నడుముకు బిగించి తనే గుంపులోకి దూకి, అతని ఎదురుగా నిలబడి అడుగులు వేసి చూపించింది. వెనకనుంచి బాబురావు ఈల వేశాడు. పసుపు నీళ్లు, వేపాకు, అమ్మవారికి సాక పోసిన తడి, పైన కాగితం తోరణాలు. మైథిలి కూడా చెప్పుల బెంగ మరిచిపోయి చేతులు పైకెత్తింది. ఎవరో సుజన నుదుటిన ఇంత బొట్టు పెట్టి పోయారు. ఊరేగింపు మలుపు తిరిగేదాకా వాళ్లు ఆడుతూనే ఉన్నారు, కృష్ణమ్మ అరుగు మీద కూర్చుని చప్పట్లతో తాళం వేస్తూనే ఉంది.